బూర లేని పెట్టె

గ్రామఫోను అనగానే మనలో చాలామందికి కళ్ళ ముందు మెదిలేది ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న ఇత్తడి బూర, దాని ముందు చెవి రిక్కించి కూర్చున్న తెల్లకుక్క. సినిమాల్లో జమీందారు గారి హాలులో అదే, పెళ్ళి మంటపాల అలంకరణలో అదే, పెద్ద హోటళ్ళ ముంగిట అద్దాల అరలో అదే. నేనూ చాలాకాలం గ్రామఫోనంటే అదేనని అనుకొన్నాను. మా ఊరు మోత్కూరులో, మా తాత గది అటక మీద ఒక నల్లటి పెట్టె ఉండేది. అదీ పాటల పెట్టేనని తెలుసు గానీ, అదేదో చౌకరకమనీ, అసలు సిసలైనది బూర ఉన్నదేననీ నా నమ్మకం. ఆ నమ్మకం తప్పని తెలుసుకోవడానికి నాకు కొంత డబ్బూ, కొన్నేళ్ళూ ఖర్చయ్యాయి. ఆ కథ చెప్పే మిషతో మన పల్లెలకు ఈ యంత్రం వచ్చిన చరిత్రను కూడా కొంత చెప్పుకొందామని ఈ టపా.

మోత్కూరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 దాకా నల్లగొండ జిల్లాయే. మా తాతది చేనేత చీరల వ్యాపారం. చీరల మూటలు బండిలో భువనగిరి స్టేషనుదాకా, అక్కడినుంచి రైల్లో సికిందరాబాదుకు వెళ్ళేవి. పోలీసు చర్య జరిగిన రెండో ఏడు, మూటలు అమ్ముకొని తిరిగివస్తూ ఆయన ఈ పెట్టెను తెచ్చాడట. చూడటానికి ప్రయాణాల్లో పట్టుకెళ్ళే తోలుపెట్టెలా ఉండేది. మూత తెరిస్తే లోపల గుండ్రటి పళ్ళెం, వంకీ తిరిగిన లోహపు చేయి, దాని కొసన రూపాయి బిళ్ళ కంటె కాస్త పెద్దదైన సౌండు బాక్సు, మూలన సూదులు పోసుకొనే చిన్న గిన్నె. పక్కన హ్యాండిలు దూర్చి తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకొంటుంది. అది సడలేలోగా ఒక పక్క పాట అయిపోతుంది. ప్లేటుకొక పక్కకు ఒక సూది చొప్పున మార్చాలని నియమం. సూదుల డబ్బీ ఖాళీ అయినప్పుడు మా తాత తుమ్మముల్లును కోసి బిగించేవాడని నాయనమ్మ చెప్పేది. అది విని చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. తరువాత తెలిసింది, ముల్లు సూదులను కంపెనీలే తయారుచేసి అమ్మేవనీ, ప్లేటు అరగకుండా ఉండటానికి వాటినే వాడిన శ్రోతలు ఇంగ్లండులో చాలామంది ఉండేవారనీ.

2007లో నాకు పాత వస్తువుల పిచ్చి పట్టింది. పట్నంలో ఒక దుకాణంలో బూర గ్రామఫోను ఒకటి చూశాను. నున్నటి చెక్క పెట్టె, నాలుగు మూలలా ఇత్తడి తాపడం, ముందువైపు కుక్కబొమ్మ రేకు, పైన కళ్ళు చెదిరే బూర. "నూరేళ్ళ నాటిది, ఒక నవాబు గారి దేవిడీ నుంచి వచ్చింది" అన్నాడు దుకాణదారు. నవాబు గారి పేరు అడగలేదు. అడిగి ఉంటే అదీ చెప్పేవాడేమో. అప్పటి నా నెల జీతంలో సగానికి పైగా పోసి ఇంటికి తెచ్చుకొన్నాను. పాట పెడితే గొంతు పట్టేసినవాడు గుక్క తిప్పుకోకుండా ఏడ్చినట్లు వినిపించింది. పాతది కదా, శుభ్రం చేయిస్తే సరిపోతుందని పాతబస్తీలో రేడియోలు, గ్రామఫోన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన బూరను వేలితో ఒకసారి మీటాడు. పెట్టె అడుగు పలకకున్న మరలు విప్పాడు. లోపలికి టార్చి వేసి చూసి, నావైపు జాలిగా చూశాడు. "సాబ్, దీని మొహం కొత్తది, గుండె పాతది. ఎవరి గుండెనో తీసి దీంట్ల పెట్టిన్రు" అన్నాడు.

ఆయన చెప్పిన సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసినదే. తెలియనిది నాకే. పాత గ్రామఫోన్ల మీద మోజు పెరిగిన తరువాత మనదేశంలో కొత్త బూర, కొత్త చెక్కపెట్టె చేసి, లోపల పాతబడిన తోలుపెట్టె గ్రామఫోనులోని మోటారునూ పళ్ళేన్నీ బిగించి, పురాతన వస్తువుగా అమ్మడం ఒక పరిశ్రమగా మారింది. విదేశీ యాత్రికులు కొనుక్కుపోయిన ఇలాంటివి ఇంగ్లండు, అమెరికా సేకర్తల చేతికి చేరి, వాళ్ళు వాటికి ఒక మోటు పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అసలు బూర పల్చటి రేకుతో, చాలాసార్లు రంగు వేసి ఉంటుంది. ఇత్తడిదైనా ఇంత తళతళలాడదు. నకిలీలో బూరనూ చేతినీ కలిపే మెడ దగ్గర అతుకు మోటుగా ఉంటుంది. కుక్కబొమ్మ రేకు కొట్టొచ్చినట్లు కనిపించే చోట మేకులతో కొట్టి ఉంటుంది. సౌండు బాక్సు బరువుగా, అక్షరాలు అలుక్కుపోయి ఉంటుంది. ఇవన్నీ నా ఇంటి యంత్రంలో వరసగా ఉన్నాయి.

మోసపోయినందుకు కంటె నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆయన అన్న రెండో ముక్క: ఎవరి గుండెనో తీసి. అంటే ఇలాంటి బూర యంత్రం ఒకటి తయారు కావాలంటే ఎక్కడో ఒక నిజమైన పెట్టె చావాలి.

ఈ నష్టం ఎంతటిదో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. ఎడిసన్ 1877లో కనిపెట్టిన ఫోనోగ్రాఫు స్తూపం మీద ధ్వనిని గీసేది. పదేళ్ళ తరువాత, 1887లో ఎమిల్ బెర్లినర్ దాన్ని చదునైన పళ్ళెం మీదికి మార్చి గ్రామఫోను అన్నాడు. స్తూపానికి నకళ్ళు తీయడం కష్టం, పళ్ళెమైతే ఒక అచ్చునుంచి వేలు ముద్రించవచ్చు. పుస్తకానికి అచ్చుయంత్రం ఎలాంటిదో పాటకు ఇది అలాంటిది. లండనులోని గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చాడు. ఆ నవంబరులో గౌహర్ జాన్ పాడి, పాట చివర ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పింది. మైనపు పలకలు జర్మనీలోని హానోవరుకు వెళ్ళి, అక్కడ ముద్రితమై, ఓడలో తిరిగివచ్చేవి. పాడినవారు తమ గొంతు తాము వినడానికి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఆ ప్రయాణం తప్పింది. తరువాత అది డండంకు మారింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. ప్లేటులో ప్రాణపదార్థం లక్క. లక్కపురుగు చెట్టుకొమ్మల మీద పెట్టే బంకను కరిగించి, రాతిపొడినీ మసినీ కలిపి, ఒత్తి ప్లేటు చేస్తారు. ప్రపంచానికంతటికీ లక్క ఎక్కువగా వెళ్ళింది మన ఛోటానాగపూర్ అడవుల నుంచే. యూరపులోని ఏ ఒపేరా గాయకుడి గొంతైనా మన అడవి పురుగు వీపు మీదెక్కి తిరిగిందే. హైదరాబాదు లాడ్ బజారు లక్కగాజులకూ కుక్కమార్కు ప్లేటుకూ తల్లి ఒకతే.

ఆ కుక్క సంగతి కూడా చెప్పుకోవాలి. నిప్పర్ అనే ఆ కుక్కను చిత్రించిన ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసినది గ్రామఫోనును కాదు, ఎడిసన్ తరహా స్తూపపు ఫోనోగ్రాఫును. దాని నల్లబూర బొమ్మలో వెలవెలబోతున్నదని, ఒక ఇత్తడి బూరను అరువు తీసుకోవడానికి గ్రామఫోన్ కంపెనీకి వెళ్ళాడు. కంపెనీవారు, ఆ యంత్రాన్ని తుడిచి మా యంత్రం గీస్తే బొమ్మనే కొంటామన్నారు. 1899లో అలాగే దిద్ది ఇచ్చాడు. మనం గ్రామఫోనుకు ప్రతీకగా తలచే ఇత్తడి బూర బొమ్మే, ఒకదాని మీద ఒకటి పూసిన బొమ్మ. నా ఇంటి నకిలీకి ఆ వంశం నుంచే పోలిక వచ్చి ఉంటుంది.

బూర యంత్రాలు మనదేశానికి రాలేదని కాదు. వచ్చాయి. కలకత్తా, మద్రాసు, హైదరాబాదు లాంటి చోట్ల, సంస్థానాధీశుల, పెద్ద వకీళ్ళ ఇళ్ళల్లో వెలిశాయి. కానీ ఆ బూరకు కాలం చెల్లడం తొందరగానే మొదలైంది. అమెరికాలో విక్టర్ కంపెనీ 1906లోనే బూరను బీరువాలోకి మడిచి విక్ట్రోలా పేరుతో అమ్మింది. 1914లో డెక్కా పేరుతో వచ్చిన చేతిపెట్టె మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లోకి సైనికులతో పాటు వెళ్ళింది. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 101వ నమూనా 1925లో, 102వ నమూనా 1931లో వచ్చాయి. ఈ రెండింటిలోనూ బూర ఉంది, కాకపోతే పెట్టె లోపల చుట్ట చుట్టుకొని దాగి ఉంటుంది. తెరిచిన మూత ధ్వనిని మన వైపుకు మళ్ళిస్తుంది. 101లో సౌండు బాక్సు పొర అభ్రకం, 102లో లోహం. నిపుణులు ఇప్పటికీ ఆ రెంటిలో ఏది మేలని వాదించుకొంటారు. 102 తయారీ 1950ల చివరిదాకా సాగింది. మా తాత తెచ్చినది అదే.

నేను చూసినంతలో నల్లగొండ, మహబూబునగరు పల్లెల్లో మిగిలిన పాత గ్రామఫోన్లన్నీ ఇలాంటి చేతిపెట్టెలే. కొన్ని కుక్కమార్కువి, కొన్ని స్విట్జర్లాండు థోరెన్స్ మోటారో ఇంగ్లండు గారార్డ్ మోటారో పెట్టి కూర్చినవి. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఎడ్లబండిలో బూర నిలవదు. పెట్టె గడ్డిలో కూర్చుంటుంది. కరెంటు లేని ఊరిలో రేడియోకు బ్యాటరీ కావాలి, పెట్టెకు మనిషి మోచేయి చాలు. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసింది. అయినా మా ఊరి దాకా ఆ మాట రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇంకొక కారణం, నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది, భాష. నైజాము రాజ్యంలో చదువు ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. తెలుగు కోసం 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ. ఇవన్నీ మనం గర్వంగా తలచుకొంటాం. కానీ గ్రంథాలయమూ పత్రికా అక్షరం వచ్చినవారికే. అక్షరం రాని రైతుకూ, మగ్గం మీది నేతగాడికీ తిరుపతి వెంకటకవుల పద్యాన్ని చెవిలో పోసినది ఈ ప్లేటే. కాటిసీను, రాయబారం సెట్లు సెట్లుగా వచ్చేవి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతులు వారి నాటకసమాజాలు ఏనాడూ అడుగుపెట్టని ఊళ్ళకు చేరాయి. బెజవాడ నుంచి ప్లేట్లు తెస్తే నైజాము సరిహద్దులో కరోడ్‌గిరి వారు మూట విప్పించి సుంకం కట్టించుకొనే కాలం అది. ఆ ఇబ్బంది పడి తెచ్చుకొన్న పద్యాలు ఇవి. తెలంగాణ సాంస్కృతిక చరిత్ర రాసినవారు ఈ ప్లేటును పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. బహుశా గడీలోనూ మోగింది కాబట్టి అది గడీ వస్తువేనని తీసేశారేమో. మా తాతకు గడీ లేదు, మగ్గాలవాళ్ళతో లెక్కల పుస్తకం ఉండేదంతే. పెట్టె పెట్టిన రాత్రి వాకిట్లో కూర్చున్నది కూడా ఆ మగ్గాలవాళ్ళే.

పదంగుళాల ప్లేటులో పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. రంగస్థలం మీద వన్స్‌మోర్లతో ఒక పద్యాన్ని పావుగంట పాడిన నటుడు, ఇక్కడ రాగం అందుకొంటూనే ముగించాలి. 1925కు ముందైతే మైకు కూడా లేదు, ఒక బూరలోకి మొహం పెట్టి గట్టిగా పాడటమే. ఆ ఇరుకులోనే ఒక కొత్త పద్ధతి పుట్టింది. ఆలాపన కురచ, మాట స్పష్టం. ఈనాటికీ మనం పద్యమంటే ఇలా ఉండాలని అనుకొనే తీరులో ఆ మూడు నిమిషాల ముద్ర ఉంది. తరువాతి కాలంలో కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఘంటసాల పాడిన రికార్డు ఆ పద్ధతికి పరాకాష్ఠ అని నా అభిప్రాయం. టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతి, వింజమూరి సోదరీమణులు పాడిన లలితగీతాలు, జానపదాలు మరొక పాయ. వీటిలో చాలాభాగం మద్రాసులో పాడినవి. ఎ.వి. మెయ్యప్పన్ సినిమాలకు పూర్వం మద్రాసులో సరస్వతీ స్టోర్సు పెట్టి ఓడియన్ ప్లేట్ల వ్యాపారంలో ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

సేకర్తలలో రెండు తెగలున్నాయి. యంత్రాన్ని సేకరించేవారు, ధ్వనిని సేకరించేవారు. రెండో తెగకు మన తెలుగువారిలో పెద్దదిక్కు వి.ఎ.కె. రంగారావు గారు. బొబ్బిలి జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసులో ఉంటూ నలభై వేలకు పైబడిన 78 రికార్డులు కూర్చారు. ముంబైలో 1990లో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘమూ, ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కినియర్ తయారుచేసిన రికార్డుల పట్టికలూ లేకపోతే తొలినాళ్ళ మన సంగీతంలో ఏ ప్లేటు ఎప్పటిదో తేల్చుకోవడం కష్టమయ్యేది. ఈమాట పుటల్లో పాత తెలుగు రికార్డులు విన్న మిత్రులకు ఈ పని విలువ చెప్పనక్కరలేదు. ధ్వనిని సేకరించేవారికి లోకంలో గౌరవముంది, దారీ ఉంది. ఒకసారి సరిగ్గా కంప్యూటరులోకి ఎక్కిస్తే పాట బతుకుతుంది.

యంత్రం సంగతి అలా కాదు. ధర పలకనిదేదో అది చెత్త. బూర ఉన్నది అలంకారం కాబట్టి ధర పలుకుతుంది, నల్లపెట్టెకు పలకదు. కాబట్టి దాన్ని విప్పి, మోటారు తీసుకొని, మిగిలిన తోలుపెట్టెను పారేస్తారు. విచిత్రమేమంటే, మనదేశంలో ఈ చేతిపెట్టెలు ఎంతకాలం పనిచేశాయంటే, మిగతా దేశాలు 78 ప్లేట్లు మానేశాక కూడా ఇక్కడ 1960ల చివరిదాకా ముద్రించారు. బీటిల్స్ పాటలు 78 ప్లేట్లుగా మనదేశంలో వచ్చాయి. వాటి కోసం ఇప్పుడు ప్రపంచపు సేకర్తలు పోటీపడతారు. ఆ ప్లేటుకు విలువ తెచ్చినది కరెంటు లేని ఊళ్ళలోని మన పెట్టే. ఆ పెట్టెకు మాత్రం విలువ లేదు! 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్ళు నిండిన వస్తువుకు రక్షణ ఇస్తుంది. 1925లో వచ్చిన 101 తొలి పెట్టెలకు 2025తో ఆ నూరేళ్ళూ నిండాయి. నిండేదాకా ఎన్ని మిగిలాయన్నదే ప్రశ్న.

పాతబస్తీ పెద్దాయన మాట విన్న వారమే మోత్కూరు వెళ్ళాను. అటక మీద పెట్టె లేదు. పెద్దనాయన ఇల్లు సున్నం వేయిస్తూ పాత సామానువాడికి వేశారట, రెండు స్టీలు గిన్నెలిచ్చాడట. "నీకు పట్నంల మంచిది ఉన్నదంటివి గద నాయినా, ఇదెందుకనుకున్నం" అంది పెద్దమ్మ. ఆమె తప్పేమీ లేదు. బూర యంత్రం కొన్న రోజున ఇంటికి ఫోను చేసి గొప్పలు చెప్పినది నేనే. ప్లేట్లను మాత్రం సామానువాడు వద్దన్నాడట. పదకొండు ప్లేట్లు, ఒక సూదుల డబ్బీ బియ్యం గుమ్మి వెనక దొరికాయి.

ఆ తరువాత ఏడెనిమిది నెలలు, వీలున్న ప్రతి గురువారం జుమ్మెరాత్ బజారుకు తిరిగాను. ఇనుప తుక్కు, తెగిన కుట్టుమిషన్లు, విరిగిన టైపురైటర్ల మధ్య నల్లపెట్టెలు కనిపించేవి. మూత ఉంటే మోటారు లేదు, చేయి ఉంటే సౌండు బాక్సు లేదు. చివరికి తోలు చిరిగినా లోపలి బూర చెక్కుచెదరని ఒక 102 డొల్ల దొరికింది. అది మా తాతది కాదు. ఆయన మూత లోపలివైపు మేకుతో ఇంటిపేరు గీకాడు, దీంట్లో అది లేదు.

పెద్దాయన దగ్గరికి రెండింటినీ తీసుకెళ్ళాను. నా బూర యంత్రాన్ని విప్పి, దాని మోటారును ఆ డొల్లలో పెట్టి చూశాడు. మరల రంధ్రాలు సరిగ్గా కూర్చున్నాయి. "చూసినవా సాబ్, దీని ఇల్లు ఇదే" అన్నాడు. గట్టిపడిన పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి కొత్తది పెట్టాడు. సౌండు బాక్సు ఇంకొక పెట్టె నుంచి వచ్చింది, దాని రబ్బరు కట్టు రాయిలా బిగుసుకుపోయి ఉంటే మార్చాడు. కూలి నూటయాభై రూపాయలు అడిగాడు. నేను ఇచ్చినది ఎంతో ఇక్కడ చెప్పడం బాగుండదు.

2008 వేసవిలో దాన్ని మోత్కూరుకు తీసుకెళ్ళాను. నాయనమ్మకు అప్పటికి చూపు ఆనడం లేదు. వాకిట్లో నులకమంచం వాల్చి, పక్కన పెట్టె పెట్టి, పదకొండింటిలో గీతలు తక్కువ పడిన కాటిసీను ప్లేటు వేశాను. ఆమె చివరిదాకా కదలకుండా విన్నది. సూది లేపాక, "గింత సన్నగ వినపడుతదారా? మీ తాత పెడితే మూల మీది మంగలోళ్ళ ఇంటిదాంక వినపడేది" అంది.

సూదుల్లో మెత్తటి ధ్వనివి, గట్టి ధ్వనివి వేరువేరుగా ఉంటాయని నాకు అప్పటికి తెలియదు. తాత డబ్బీలోంచి లావుపాటి సూది ఒకటి ఏరి, బిగించి, మళ్ళీ హ్యాండిలు తిప్పాను.